పొగ ఆగాక మొదలయ్యే ప్రమాదం

అమెరికాలో మనవాళ్ల ఇళ్ల బేస్‌మెంట్‌లో ఉండే గ్యాస్ ఫర్నేస్ పాతబడి, లోపలి రేకు పగిలితే ఏ వాయువు గదుల్లోకి వస్తుందో, బస్తర్‌లో మంచం పక్కన పెట్టుకున్న మట్టి కుంపటి నుంచీ అదే వస్తుంది. దాని పేరు కార్బన్ మోనాక్సైడ్.

డిసెంబరు, జనవరి రాత్రుల్లో బస్తర్ పీఠభూమి మీద చలి గట్టిగానే ఉంటుంది. జగదల్‌పూర్‌లోనూ, బైలడీలా కొండల దగ్గరి బచేలి, కిరండూల్‌లోనూ తలుపులు బిగించుకుని పడుకుంటారు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ‘గోర్సీ’ అనే మట్టి కుంపటి వాడతారు. చలి కాచుకోవడానికీ, బాలింతకూ పసిగుడ్డుకూ కాపడం పెట్టడానికీ అదే ఆధారం.

పొగ వస్తున్నంతసేపూ కుంపటిని ఆరుబయటే ఉంచి, నిప్పులు కణకణలాడాక లోపలికి తెస్తారు. పొగ లేదు గనుక భయం లేదని ధీమా. పొగయితే దగ్గు తెప్పించి మనిషిని బయటికి తరిమేస్తుంది. మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. గ్యాస్ సిలిండరు లీకయితే తెలియాలని అందులో వాసన మందు కలుపుతారు, దీనికి ఆ ఏర్పాటు కూడా లేదు.

కుంపటి అడుగున గాలి తగిలిన బొగ్గు మండి కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. అది ఎర్రటి నిప్పుల సందుల్లోంచి పైకి వస్తూ మరికాస్త కార్బన్‌ను కలుపుకుని మోనాక్సైడుగా మారుతుంది. నిప్పుల మీద సన్నటి నీలి మంటలు కనిపిస్తే ఆ వాయువు మండుతోందన్నమాట. వేడి తగ్గి నివురు కప్పేసరికి ఆ మంటలు పోతాయి, వాయువు మండకుండానే గదిలో చేరుతుంది. అప్పటికి ఇంటిల్లిపాదీ నిద్రలో ఉంటారు.

రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే దీన్ని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. గర్భంలోని బిడ్డ రక్తం ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. 1902లో ఫ్రెంచి నవలాకారుడు ఎమిల్ జోలా పారిస్‌లో తన పడకగదిలోనే ఈ వాయువు వల్ల చనిపోయాడు. పొగగొట్టం పూడుకుపోవడం కారణమన్నారు.

పాత పెంకుటిళ్లలో, తడికె గోడల ఇళ్లలో సందులు ఎక్కువ, గాలి దానంతటదే ఆడేది. పొగతో కళ్లూ ఊపిరితిత్తులూ పాడయ్యేవి, ఆ గొడవ వేరు. ఇప్పటి స్లాబు గదుల్లో దోమలకనీ చలికనీ కిటికీలు మూసేస్తున్నారు. కుంపటి పాతదే, గది కొత్తది. నా మటుకు పడుకునే ముందు దాన్ని వాకిట్లో పెట్టేయడమే మేలు. కుంపటి తప్పనిసరైన బాలింత గదిలో కిటికీ తెరిచి ఉంచాలి, ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి.

తలనొప్పి, వాంతులు, కళ్లు తిరగడం ఇంట్లో అందరికీ ఒకేసారి వస్తే తిన్న తిండిని అనుమానిస్తాం. ముందు అందరినీ ఆరుబయటికి తేవాలి, తర్వాత 108కి ఫోన్ చేయాలి. మామూలు గాలిలో రక్తంలోని మోనాక్సైడు సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, మాస్కుతో స్వచ్ఛమైన ఆక్సిజన్ పెడితే గంటన్నర లోపే. వేలికి పెట్టే ఆక్సిమీటరు ఈ రెండు వాయువులకూ తేడా పోల్చలేదు, ప్రాణం మీదికి వచ్చినా 98 చూపించవచ్చు. అందుకే రాత్రి గదిలో కుంపటి ఉందన్న సంగతి డాక్టరు అడగకముందే చెప్పాలి.