సున్నపురాయి తూకం వెనుక ఉన్న యంత్రం: కంప్యూటర్ ఎలా పనిచేస్తుంది?

నందిని (ఛత్తీస్‌గఢ్): భిలాయ్ ఉక్కు కర్మాగారానికి సున్నపురాయిని అందించే గనులుగా నందిని ప్రసిద్ధి పొందింది. కర్మాగారపు తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ఇనుప ఖనిజంలోని సిలికా వంటి మలినాలు సున్నంతో కలిసి లోహమలంగా విడిపోతాయి. సున్నపురాయి పాలు తగ్గితే గంధకం ఇనుములోనే మిగులుతుంది. పెరిగితే కోక్ వృథాగా ఖర్చవుతుంది. కాబట్టి తూకమే కీలకం.

ఆధునిక ఉక్కు పరిశ్రమలో ఈ తూకాన్ని కంప్యూటర్లు నియంత్రిస్తాయి. ఇంట్లోని కంప్యూటర్‌తో వీటికి రూపంలో పోలిక లేకపోయినా, మౌలిక నిర్మాణం ఒక్కటే.

ముడిసరకు తొట్టి కింద అమర్చిన లోడ్‌సెల్, బరువుకు అనుగుణంగా అతి స్వల్ప వోల్టేజీని ఇస్తుంది. దానిని కన్వర్టర్ అంకెగా మారుస్తుంది. ‘బిట్’ అనే మాట విలువ ఇక్కడే బోధపడుతుంది. 12 బిట్లతో 4,096 విలువలను మాత్రమే సూచించగలం. ఉదాహరణకు 20 టన్నుల పరిధిని అన్ని మెట్లుగా విభజిస్తే ఒక్కో మెట్టు సుమారు 5 కిలోలు. అదే 16 బిట్లయితే మెట్లు 65,536. ఒక్కొక్కటి దాదాపు 300 గ్రాములు. బిట్లు పెరిగినంత మాత్రాన నాసిరకం లోడ్‌సెల్ మెరుగుపడదన్నది వేరే సంగతి.

ఆ అంకె ‘బస్’ అనే తీగల మార్గం గుండా ప్రాసెసర్‌ను చేరుతుంది. ప్రాసెసర్ మెమరీ నుంచి ఒక ఆదేశాన్ని తెచ్చుకుని, దాని అర్థాన్ని గ్రహించి, అమలుచేసి, తర్వాతి ఆదేశానికి వెళ్తుంది. ఆదేశాలనూ సమాచారాన్నీ ఒకే మెమరీలో ఉంచే ఈ పద్ధతిని 1945లో జాన్ వాన్ న్యూమన్ తన నివేదికలో వివరించారు. ఒక గిగాహెర్ట్జ్ వేగంగల ప్రాసెసర్‌లో ఒక్కో గడియార స్పందన వ్యవధి సెకనులో వంద కోట్లవ వంతు. అంతలో కాంతి సైతం 30 సెంటీమీటర్లే ప్రయాణిస్తుంది. తరచూ అవసరమయ్యే సమాచారాన్ని ప్రాసెసర్ చిప్‌లోనే ‘క్యాష్’ అనే చిన్న మెమరీలో దాచడానికి ఈ దూరం ఒక కారణం.

కార్యాలయంలో కంప్యూటర్ ఒక క్షణం నిలిచిపోతే విసుగు మాత్రమే కలుగుతుంది. కర్మాగారంలో ఆ క్షణంలోనూ కన్వేయర్ బెల్టు కదులుతూనే ఉంటుంది. అందుకే నియంత్రణ కంప్యూటర్‌కు లెక్క సరిగా రావడం ఒక్కటే చాలదు, అది సమయానికి రావాలి. అత్యవసర సంకేతం అందగానే చేస్తున్న పనిని పక్కనపెట్టే ఏర్పాటు ‘ఇంటరప్ట్’. దీనికి తోడు ‘వాచ్‌డాగ్’ అనే కాలమాపకం ఉంటుంది. ప్రోగ్రామ్ నిర్ణీత వ్యవధిలో దాన్ని పలకరించకపోతే, యంత్రం స్తంభించిందని భావించి వ్యవస్థను పునఃప్రారంభిస్తుంది లేదా సురక్షిత స్థితికి చేరుస్తుంది. విద్యుత్ పోతే ర్యామ్‌లోని సమాచారం చెరిగిపోతుంది గనుక మూల ప్రోగ్రామ్‌ను ఫ్లాష్ మెమరీలో భద్రపరుస్తారు.

ఇటువంటి నిజకాల నియంత్రణ యంత్రాల తయారీలో హైదరాబాద్‌కు తొలినాళ్ల నుంచే స్థానముంది. ట్రాంబేలో రూపుదిద్దుకున్న 12 బిట్ల టీడీసీ-12 కంప్యూటర్ 1969లో వెలువడింది. దాని ఉత్పత్తిని చేపట్టిన ఈసీఐఎల్ 1967లో హైదరాబాద్‌లో ఏర్పడింది. ఆ సంస్థ వ్యవస్థాపకుడు అయ్యగారి సాంబశివరావు. ఆ తరువాత 16 బిట్ల టీడీసీ-316 వచ్చింది.

కొలిమి దశాబ్దాలపాటు నడుస్తుంది. దాన్ని నడిపే చిప్ తయారీ మాత్రం అంతకాలం సాగకపోవచ్చు. విదేశీ తయారీదారు ఉత్పత్తి ఆపేస్తే విడిభాగాల వేట మొదలవుతుంది. దేశీయ ప్రాసెసర్లపై ఆసక్తికి ఇదీ ఒక కారణం. ఐఐటీ మద్రాస్ ‘శక్తి’ ప్రాసెసర్లను రిస్క్-ఫైవ్ అనే స్వేచ్ఛా ఆదేశావళిపై రూపొందించింది. ఇస్రో కోసం మొహాలీలోని సెమీకండక్టర్ ప్రయోగశాలలో తయారైన 32 బిట్ల ‘విక్రమ్ 3201’ను 2025 సెప్టెంబరులో ప్రధానమంత్రికి అందజేశారు. దాని తయారీ 180 నానోమీటర్ల సాంకేతికతతో జరిగింది. మొబైల్ ఫోన్ల ప్రమాణంతో చూస్తే అది పాతది; రాకెట్‌లోని తీవ్ర ఉష్ణోగ్రతలను తట్టుకోవడానికి మాత్రం సరిపోతుంది.