కథీడ్రల్ ఊళ్లలో మా శనివారాలు

ఫ్రాన్స్ అనగానే మనకు ఈఫిల్ టవర్ గుర్తుకు వస్తుంది. నాన్నగారి ఉద్యోగం వల్ల మేము రెండేళ్లు పారిస్‌లో ఉన్నాం. మొదట్లో నాకూ అంతే తెలుసు. తరువాత శనివారాల్లో రైలెక్కి చుట్టుపక్కల ఊళ్లు చూడటం మొదలుపెట్టాం. ఎక్కడికి వెళ్లినా ఊరి నడిబొడ్డున ఒక కథీడ్రల్ ఉండేది. "మళ్లీ చర్చేనా!" అని విసుక్కునేదాన్ని. మా నానమ్మ మూడు నెలలు ఉండటానికి వచ్చాక ఆ విసుగు పోయింది. ఆవిడ అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడం కోసమైనా నేను చదవాల్సి వచ్చింది.

ముందు ఆ మాట సంగతి చెబుతాను. లాటిన్‌లో 'కతెద్రా' అంటే కుర్చీ. ఒక ప్రాంతంలోని చర్చిలన్నిటికీ పెద్ద బిషప్. ఆయన కుర్చీ ఉన్న చర్చే కథీడ్రల్. అంటే పెద్దగా కట్టిన ప్రతి చర్చీ కథీడ్రల్ కాదు.

మేము ముగ్గురం నానమ్మతో మొదట వెళ్లింది షార్త్ర్. పారిస్‌కు నైరుతి దిక్కున సుమారు 90 కిలోమీటర్లు. చుట్టూ చదునైన గోధుమ చేలు. ఊరు ఇంకా కనిపించకముందే చేల మీద రెండు శిఖరాలు కనిపిస్తాయి. అవి ఒకేలా ఉండవు. దక్షిణం వైపుది 12వ శతాబ్దానిది, సాదాగా ఉంటుంది. ఉత్తరం వైపు చెక్క శిఖరం 1506లో పిడుగు పడి కాలిపోతే, దాని బదులు నిండా నగిషీలతో రాతి శిఖరం కట్టారు. నాకైతే సాదాదే నచ్చింది.

లోపలికి అడుగుపెట్టగానే కాసేపు ఏమీ కనిపించలేదు. మెల్లగా నీలం, ఎరుపు వెలుగు కళ్లకు ఆనింది. మొత్తం 176 రంగు గాజు కిటికీలు. చాలావరకు 13వ శతాబ్దపు గాజే. పాత చర్చి 1194లో కాలిపోయాక కట్టిన కట్టడం ఇది. అంత ఎత్తైన రాతి కట్టడానికి గోడలన్నీ కిటికీలైతే కప్పు ఎలా నిలిచింది?

రెండు పుస్తకాలను ఒకదానికొకటి ఆనించి కమానులా నిలబెట్టి చూడండి. పైన నొక్కితే అడుగులు రెండు పక్కలకీ జారిపోతాయి. రాతి కప్పు కూడా అంతే, గోడలను బయటకు తోస్తుంది. అందుకే అంతకు ముందు గోడలు మందంగా, కిటికీలు చిన్నవిగా ఉండేవి, లోపల చీకటి. 12వ శతాబ్దంలో ఉత్తర ఫ్రాన్స్ మేస్త్రీలు మూడు ఉపాయాలను కలిపి వాడారు. గుండ్రటి కమానుకు బదులు కొనదేలిన కమాను పెడితే పక్కలకు తోపు తగ్గుతుంది. కప్పు కింద పక్కటెముకల్లాంటి రాతి పట్టీలు వేస్తే బరువు స్తంభాల మీదకు దిగుతుంది. ఇక మిగిలిన తోపును ఆపడానికి బయటి నుంచి సగం కమానులు ఆనించారు. వీటినే ఫ్లయింగ్ బట్రెస్‌లు అంటారు. ఇవన్నీ బరువు మోస్తుంటే గోడకు పని లేదు. ఆ చోట గాజు పెట్టారు.

"డబ్బులెవరిచ్చారే?" అంది నానమ్మ. నాన్నగారు కొన్ని కిటికీల అడుగు భాగం చూపించారు. అక్కడ దేవదూతలు లేరు. రొట్టెలు చేసేవాళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు తమ పనిలో తాము ఉన్నారు. ఆ వృత్తులవాళ్లు ఇచ్చిన కానుకలే ఆ కిటికీలని చాలాకాలంగా చెబుతారు. కాదు, చర్చి పెద్దలే వాళ్ల బొమ్మలు వేయించారనే చరిత్రకారులూ ఉన్నారు. నానమ్మకు మాత్రం సందేహం లేదు. "మన గుళ్లో ట్యూబ్‌లైట్ మీద దాత పేరు రాయరూ? ఇదీ అంతే" అంది.

ఆ గాజు మిగలడం కూడా తేలికగా జరగలేదు. 1939లో యుద్ధం వస్తుందని పలకలన్నీ విప్పి దూరంగా దాచారు. 1944 ఆగస్టు 16న శిఖరంలో జర్మన్ సైనికులు ఉన్నారేమోనని అమెరికన్ సైన్యం అనుమానించింది. వెల్బోర్న్ గ్రిఫిత్ అనే కల్నల్ లోపలికి వెళ్లి చూసి, ఎవరూ లేరని చెప్పడంతో ఫిరంగులు పేల్చలేదు. ఆ రోజే దగ్గర్లో జరిగిన పోరులో ఆయన చనిపోయాడు.

తరువాత అమియాన్. ఇక్కడ కథీడ్రల్ 1220లో మొదలైంది. కప్పు 42 మీటర్ల ఎత్తు. ఈ ఊరి సంపదలో పెద్ద వాటా ఒక ఆకుది. వోడ్ అనే మొక్క ఆకులను నూరి, పులియబెట్టి నీలం రంగు తీసేవారు. దాన్ని అమ్మే వర్తకుల బొమ్మలు కథీడ్రల్ బయట గోడ మీద ఉన్నాయి. సముద్రమార్గాన మన దేశపు నీలిమందు ఎక్కువగా రావడం మొదలయ్యాక వోడ్ వ్యాపారం దెబ్బతింది. రెండింటిలోనూ ఉన్న రంగు పదార్థం ఒకటే, మన నీలిమందులో ఎక్కువ ఉంటుంది. అది చెబితే నానమ్మ ఆ వర్తకుల వంక కొంచెం జాలిగా చూసింది.

నాకు అన్నిటికన్నా గుర్తుండిపోయింది బోవే. 1225లో మొదలుపెట్టి, కప్పును 48 మీటర్లకు లేపారు. గోతిక్ కట్టడాల్లో అంతకన్నా ఎత్తైన కప్పు లేదు. పూర్తయిన పన్నెండేళ్లకే, 1284లో, అందులో కొంత కూలింది. స్తంభాల మధ్య ఎడం ఎక్కువైందని భావించి, నడుమ కొత్త స్తంభాలు నిలిపి మళ్లీ కట్టారు. 16వ శతాబ్దంలో చర్చి ముందు భాగం కట్టకుండానే నడిమధ్య 153 మీటర్ల శిఖరం లేపారు. పడమటి వైపు దానికి ఆసరా లేదు. 1573 ఏప్రిల్ 30న, జనం ఊరేగింపుగా బయటకు వెళ్లిన కాసేపటికే అది పడిపోయింది. శిఖరాన్ని మళ్లీ కట్టలేదు.

ఇప్పుడు లోపలికి వెళ్తే తల పూర్తిగా వెనక్కి వాల్చాలి. గోడలు కదలకుండా పెట్టిన పెద్ద పెద్ద చెక్క ఆనులు అడుగడుగునా కనిపిస్తాయి. బయట, ముందు భాగం రావాల్సిన చోట 10వ శతాబ్దపు చిన్న పాత చర్చి ఒకటి ఉంది. కొత్తది సాగేకొద్దీ పాతదాన్ని కూల్చుకుంటూ వచ్చారు. డబ్బు అయిపోవడంతో ఆ కాస్తా మిగిలింది. దాని ఎదురుగా బెంచీ మీద కూర్చుని నానమ్మ పులిహోర డబ్బా మూత తీసింది.