యుద్ధం మన గడ్డ మీదే

1963లో మార్వెల్ కామిక్స్ ఐరన్‌మ్యాన్‌ని వియత్నాంలో పుట్టించింది. 2008లో సినిమా వచ్చేసరికి ఆ చోటు అఫ్గానిస్తాన్ అయింది. బందీగా చిక్కి కవచం తయారుచేసుకునే కథ అదే; అమెరికా యుద్ధం ఎటు మారితే చోటూ అటు మారింది. షూటింగ్ మాత్రం కాలిఫోర్నియా కొండల్లో!

మన తెలుగు సినిమావాళ్లు యుద్ధ విధ్వంసాన్ని పరాయి దేశం నెత్తిన రుద్దలేదు.

సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన ‘ఆదిత్య 369’లో కాలయంత్రం 1526 నాటి విజయనగర వైభవం చూపించి, 2504కి దూకుతుంది. అప్పటికి మూడో ప్రపంచయుద్ధం అయిపోయింది. నేల మీద రేడియేషన్, మనుషులు భూగర్భంలో.

2024లో నాగ్ అశ్విన్ ‘కల్కి 2898 ఏడీ’ కురుక్షేత్రంతో మొదలై, గంగ ఎండిపోయిన కాశీకి చేరుతుంది. పైన గాల్లో తిరగేసిన పిరమిడ్‌లాంటి కాంప్లెక్స్. నీళ్లూ పచ్చదనమూ అందులోనే. లోపలికి వెళ్లాలంటే యూనిట్లు (ఆ లోకపు డబ్బు) కావాలి. ప్రభాస్ వేసిన భైరవ పాత్ర పరుగంతా వాటి కోసమే.