రంగును నమ్మరాని సముద్ర పుష్పాలు

ఉత్తర అమెరికా పశ్చిమ తీరాన, అలాస్కా మొదలు కాలిఫోర్నియా వరకు ఉన్న సముద్రజలం చల్లనిది. ఆహారం సమృద్ధిగా కలది. అక్కడ నీటిలో మునిగి చూసేవారికి రాళ్ళమీద విచ్చుకున్న చామంతులవంటివి కనిపిస్తవి. ఇవి పూలు కావు, జంతువులు. జెల్లీచేపలకు, పగడపు జీవులకు చుట్టాలు. వీటినే సముద్ర పుష్పాలు లేక సీ ఎనిమోన్లు అంటారు. రేకులవలె కనిపించే స్పర్శకాలలోని దంశకణాలతో ఎరను కుట్టి, నడుమనున్న నోటికి అందిస్తవి.

ఎన్నడూ చూడని సముద్ర పుష్పాన్ని గుర్తించడం ఎట్లు? ఎవరి చూపైనా ముందు రంగుమీదికి పోతుంది. కాని ఎక్కువగా మోసగించేది రంగే. మెట్రీడియమ్ అనే ప్రజాతికి ఈ తీరంలో పేరుపొందిన జాతులు రెండు కలవు. రెండింటిలోను తెల్లనివి, గోధుమరంగువి, నారింజరంగువి ఉంటవి. భేదం వేరొకచోట ఉన్నది. మెట్రీడియమ్ సెనైల్ చిన్నది. దాని పాదపు అంచునుండి తెగిన ముక్కలు కొత్త జీవులుగా పెరుగుతవి. అందుచేత ఒకే రంగుగలవి గుంపుగా కనిపిస్తవి. మెట్రీడియమ్ ఫార్సిమెన్ ఒక మీటరు ఎత్తువరకు ఎదుగవచ్చును. అది ఇట్లు ముక్కలై వృద్ధిపొందదు.

కనుక స్పర్శకాలతోపాటు వాటి క్రిందనున్న స్తంభాన్ని కూడ పరిశీలించవలెను. మెట్రీడియమ్ స్తంభం నునుపుగా ఉంటుంది. ఆంథోప్లూరా స్తంభంమీద జిగురు బుడిపెలు ఉంటవి. వాటికి గవ్వపెంకులు, ఇసుకరేణువులు అంటుకొని, ముడుచుకున్నప్పుడు ఆ జీవి గులకరాళ్ళ కుప్పవలె కనబడుతుంది.

సముద్ర పుష్పమని తోచినదల్లా సముద్ర పుష్పం కాదు. స్పర్శకాల కొనలందు తెల్లని గుండ్లు కలిగి, రాతిని ఎర్రగా కప్పే కోరినాక్టిస్ వేరొక వర్గానికి చెందినది. బురదలో గొట్టం కట్టుకొని, పొడుగువి బయట, పొట్టివి నోటిచుట్టూ, ఇట్లు రెండు వరుసల స్పర్శకాలతో ఉండే సెరియాంథిడ్ కూడ అటువంటిదే.

శాస్త్రజ్ఞులకు సైతం ఈ పని సులభం కాదు. ఆంథోప్లూరా ఎలిగాంటిస్సిమా అనే జాతి రెండుగా చీలి గుంపులు కడుతుంది. చీలక ఒంటరిగా పెద్దగా ఎదిగేవాటిని చాలకాలం ఆ జాతిలోని భేదంగానే ఎంచినారు. 2000లో వాటిని ఆంథోప్లూరా సోలా అనే ప్రత్యేక జాతిగా వర్ణించినారు.

నీటిలో ఉన్నప్పుడు గమనించవలసినవి ఇవి: లోతు, జీవి అంటియున్న చోటు, పరిమాణం, స్తంభం నునుపా బుడిపెలదా, స్పర్శకాల అమరిక, ఒంటరా గుంపా. ఛాయాచిత్రం పైనుండి ఒకటి, ప్రక్కనుండి ఒకటి తీసి, కొలతకై స్కేలును దగ్గర ఉంచవలెను. జీవిని పెకలించరాదు. ఇంత చేసినను కొన్ని జాతులు తేలవు. దేహం లోపలి పొరల అమరికను, దంశకణాల ఆకారాన్ని సూక్ష్మదర్శినిలో చూడవలసియుంటుంది. అప్పటివరకు ప్రజాతి పేరు మాత్రమే వ్రాసి ఊరుకొనుట మేలు. తొందరపడి వ్రాసిన పేరు, ఆ జాతి లేనిచోట ఉన్నదని రాబోవు పరిశీలకులను నమ్మించును.