తొట్టి వీపున వేలాడే పెట్టె

చేపల తొట్టి వెనక అంచుకు తగిలించే హ్యాంగ్-ఆన్ ఫిల్టర్ చూడటానికి ఉత్త ప్లాస్టిక్ డబ్బా. ఒక గొట్టం తొట్టిలోంచి నీళ్లు లాగుతుంది. డబ్బాలో నింపిన మీడియా (వడపోత సరుకు) గుండా సాగిన ఆ నీళ్లు ముందంచు మీంచి చిన్న జలపాతంలా మళ్లీ తొట్టిలో పడతాయి. తగువంతా ఆ డబ్బాలో ఏం నింపాలన్న దగ్గరే. సిరామిక్ రింగుల ప్యాకెట్ మీద లీటరుకు ఇన్ని వందల చదరపు మీటర్ల ఉపరితలమని రాసి ఉంటుంది. పక్కనున్న సింటర్డ్ గ్లాసు ప్యాకెట్ అంతకు మించి చెబుతుంది. యాక్టివేటెడ్ కార్బన్ అయితే గ్రాముకే వెయ్యి చదరపు మీటర్లంటుంది. ఇవి అబద్ధాలేం కావు. కాకపోతే ఈ పెట్టెకు అక్కర్లేని లెక్కలు. ఉపరితలం ఎంతైనా ఉండనీండి, ఆక్సిజన్ ఉన్న నీరు అక్కడిదాకా చేరుతోందా అని అడగాలి. అలా అడిగితే అన్నిటికన్నా చవకైన ముతక స్పాంజే నెగ్గుతుందని నా వాదన.

ముందు యంత్రం సంగతి. ఇందులో నాకు ముచ్చటగా అనిపించేది మోటారు. మామూలు పంపులో మోటారు ఇరుసు గోడను చీల్చుకుని నీళ్లలోకి రావాలి, వచ్చినచోట ఎప్పటికైనా కారుతుంది. ఇక్కడ ఇరుసు గోడ దాటే పనే లేదు. తీగచుట్ట ప్లాస్టిక్‌లో మూసేసి ఉంటుంది. రెక్కలు తొడిగిన చిన్న గుండ్రటి అయస్కాంతం గోడకు ఇవతల, నీళ్లలోనే తిరుగుతుంది. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తాలు కాబట్టి అయస్కాంతం ఆ తాళానికే కట్టుబడి నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంది. అమెరికాలో 60 కనుక అక్కడ 3600. స్విచ్చి వేస్తే కుడికి తిరగాలో ఎడమకు తిరగాలో దానికే తెలీదు. అందుకే రెక్కలకు వంపు పెట్టరు, నిటారుగా ఉంచుతారు. ఎటు తిరిగినా నీళ్లు బయటికే నెడతాయి. ఇంత తెలివైన మోటారు చేసేదల్లా నీటిని డబ్బాలోకి ఎత్తడమే. అక్కణ్ణించి మీడియా గుండా నీటిని నడిపేది మీడియాకు అటూ ఇటూ ఉన్న నీటిమట్టాల తేడా. అది కొద్ది సెంటీమీటర్లే. సెంటీమీటరు తేడా ఇచ్చే ఒత్తిడి సుమారు 98 పాస్కల్‌లు, అంటే వాతావరణ పీడనంలో వెయ్యో వంతు. మూత బిగించిన క్యానిస్టర్ ఫిల్టర్‌లో నీటికి తప్పించుకునే దారి తక్కువ. ఈ పెట్టెకు పైన ఖాళీ ఉంది. మీడియా కాస్త పూడుకుపోతే నీళ్లు దాని నెత్తిమీంచి పొర్లిపోతాయి. జలపాతం మాత్రం ఆగదు, చూసేవారికి ఫిల్టర్ భేషుగ్గా పనిచేస్తున్నట్టే ఉంటుంది.

మీడియా అసలు ఏం చేస్తుందో మొదట బయటపెట్టింది చేపలవాళ్లు కాదు, మురుగునీటితో కుస్తీపట్టిన ఇద్దరు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తలు. 1877లో ష్లోసింగ్, మ్యూంట్జ్ ఒక పొడవాటి గొట్టంలో ఇసుక, సున్నపురాయి నింపి దాని గుండా మురుగునీటిని మెల్లగా దించారు. ఇరవై రోజుల పాటు పైన పోసిన అమ్మోనియా కిందికి అమ్మోనియాగానే వచ్చింది. ఆ తర్వాత నైట్రేట్ కనపడసాగింది. రసాయన చర్య అయితే మొదటి రోజే జరగాలి కదా, ఇరవై రోజులు ఆగడం దేనికి? గొట్టంలోకి క్లోరోఫాం ఆవిరి పంపారు, మార్పు ఆగిపోయింది. ప్రాణమున్నదేదో ఆ ఇసుకను పట్టుకుని బతుకుతోందన్నమాట. కొత్త తొట్టి పెట్టినవాళ్లు ఫిల్టర్ 'సైకిల్' కావడానికి వారాల తరబడి కాచుకోవడం ఆ ఇరవై రోజుల కథే.

ఈ జీవుల వేటలో ఒక సొగసైన యాదృచ్ఛికం ఉంది. 1850 ప్రాంతంలో లండన్‌లో గోల్డ్‌ఫిష్‌లు, వాలిస్నేరియా, నత్తలు కలిపి సమతూకపు తొట్టిని నిలబెట్టి చూపిన రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్. అదే పేరున్న ఆయన కొడుకు రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఏళ్ల తరబడి ఈ జీవుల వెంట పడ్డాడు. అమ్మోనియా నైట్రైట్ కావడం ఒక మెట్టు, నైట్రైట్ నైట్రేట్ కావడం ఇంకో మెట్టు, వాటికి వేర్వేరు జీవులున్నాయని తేల్చాడు. కానీ మొదటి మెట్టు జీవిని విడదీయలేకపోయాడు. జెలటిన్ మీద పెంచబోయాడు, అవి పెరగలేదు. 1890లో జ్యూరిక్‌లో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ ఆ సేంద్రియాహారాన్నే తీసేశాడు, ఒట్టి ఖనిజ లవణాలు పెట్టాడు, అవి పెరిగాయి. వడ్డించిన విస్తరి వద్దని అమ్మోనియానే ఇంధనంగా కాల్చుకుని, కార్బన్ డయాక్సైడ్‌తో ఒళ్లు కట్టుకునే జీవులవి. వాటికి కావలసినవి నిలబడటానికి చోటు, అమ్మోనియా, ఆక్సిజన్. ఈ మూడింటిలో దేనికి కరువొస్తుందో చూస్తే మీడియా ప్రశ్న తేలిపోతుంది.

చోటుకు కరువు లేదు. రోజుకు గ్రాము మేత వేశారనుకుందాం, అరవై లీటర్ల తొట్టికి అది ఎక్కువే. చేపల పెంపకంలో వాడే మోటు లెక్క ప్రకారం అందులోంచి సుమారు 30 మిల్లీగ్రాముల అమ్మోనియా నైట్రోజన్ వస్తుంది. చదరపు మీటరు మీద పట్టిన సూక్ష్మజీవులు రోజుకు 0.2 గ్రాములే మార్చగలవని తగ్గించి వేసుకున్నా కావలసింది 0.15 చదరపు మీటరు. అంటే రెండున్నర ఏ4 కాగితాలంత. ముతక స్పాంజిలో లీటరుకు అర చదరపు మీటరనుకున్నా, 400 మిల్లీలీటర్ల ముక్క 0.2 చదరపు మీటరు ఇస్తుంది. సరిపోగా మిగిలింది. మేత పెరగనిదే సూక్ష్మజీవులు పెరగవు కాబట్టి వందల చదరపు మీటర్ల రింగులు ఎవరూ అద్దెకు రాని మేడ లాంటివి. ఇక ఆక్సిజన్. గ్రాము అమ్మోనియా నైట్రోజన్ పూర్తిగా నైట్రేట్ కావడానికి దాదాపు 4.57 గ్రాముల ఆక్సిజన్ కావాలి. 30 డిగ్రీల వేడిలో లీటరు నీళ్లలో కరిగి ఉండగలిగేది 7.5 మిల్లీగ్రాములు. అంటే ఆ 30 మిల్లీగ్రాములకు 18 లీటర్ల నీటిలోని ఆక్సిజన్ ఖర్చవుతుంది. గంటకు 300 లీటర్లు తిప్పే పెట్టెకు అది నాలుగు నిమిషాల పని. సరుకు దండిగా ఉంది, చిక్కంతా బట్వాడాలో.

బట్వాడా ఎక్కడ చెడుతుందో ఆక్సిజన్ విస్తరణ చెబుతుంది. పారే నీటితో ఆక్సిజన్ ఎంత దూరమైనా పోతుంది. నిలిచిన నీటిలో మాత్రం అది తనంతట తాను పాకాలి, దూరం పదింతలైతే పట్టే కాలం వందింతలు. మిల్లీమీటరులో పదో వంతు పాకడానికి రెండున్నర సెకన్లు చాలు. మిల్లీమీటరుకు నాలుగు నిమిషాలు. సెంటీమీటరుకు ఏడు గంటలు. రింగు గోడలోని సన్నని రంధ్రాల్లో నీరు పారదు, కొద్ది సెంటీమీటర్ల తేడా ఇచ్చే తోపుకు అది సాధ్యం కాదు. పైగా పైపొరలో కాపురమున్న జీవులు వచ్చిన ఆక్సిజన్‌ను వచ్చినట్టే తాగేస్తాయి, లోపలి గదులకు మిగలదు. స్పాంజి కథ వేరు. అందులో తొంభై శాతానికి పైగా ఖాళీయే, మిగిలింది సన్నని పోగుల వల. ప్రతి పోగు చుట్టూ నీరు పారుతుంది. ఉన్న కాస్త ఉపరితలమూ పనికొచ్చే ఉపరితలమే.

రింగుల లోపల ఆక్సిజన్ లేకపోవడమే మంచిది, అక్కడ నైట్రేట్‌ను వాయువుగా మార్చే జీవులు పెరుగుతాయి కదా అని ఒక అభ్యంతరం. మాట నిజమే, కానీ వాటిలో చాలావాటికి సేంద్రియాహారం కావాలి. అదీ ఆ సందులోకి పాకే రావాలి, దారిలో బయటి పొర తినేస్తుంది. వారానికోసారి మార్చే బకెట్టు నీళ్లు అంతకంటే ఎక్కువ నైట్రేట్‌ను మోసుకుపోతాయి. మరి కార్బన్ సంగతి? దాని సూక్ష్మరంధ్రాలు 2 నానోమీటర్లకు లోపు, సూక్ష్మజీవి సుమారు వెయ్యి నానోమీటర్లు. చీమ కన్నంలోకి గుమ్మడికాయ దూరదు. ఆ వెయ్యి చదరపు మీటర్లు రంగును, వాసనను, వేసిన మందును పట్టుకోవడానికి. చేపకు జబ్బు చేసి మందు వేశాక దాన్ని లాగేయడానికి కార్బన్‌ను మించింది లేదు. అది అమ్మోనియాను చెప్పుకోదగినంత పట్టదు, కొన్ని వారాల్లో నిండిపోతుంది కూడా. కాబట్టి అవసరమైనప్పుడు పిలవాల్సిన చుట్టం. అమ్మోనియాను నిజంగా పట్టేది జియోలైట్. భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో దాన్ని చల్లడం తెలిసిన పద్ధతే. అది సోడియం ఇచ్చి అమ్మోనియం పుచ్చుకునే బేరగాడు. నీళ్లలో ఉప్పు పెరిగితే బేరం తిరగబడి పట్టింది వదిలేస్తుంది. చేపలకు ఉప్పు వైద్యం చేసే రోజున అది పెట్టెలో ఉండకూడదు. స్పాంజిని దాటుకొచ్చే సన్నని నలకల గురించి అడిగేవారికి మాత్రం నేను లొంగుతాను. దానికి స్పాంజి తర్వాత పల్చగా పాలిస్టర్ దూది వేసి, మడ్డి పట్టగానే పారేయాలి. మందంగా వేస్తే నీళ్లు పైనుంచి పొర్లుతాయి.

అసలు పోటీ కంపెనీల మధ్య నడిచింది. నెలకోసారి మార్చమని కార్ట్రిడ్జ్ అమ్మితే రాబడి ఆగదు. కానీ అలా మార్చినప్పుడల్లా అందులో పట్టిన సూక్ష్మజీవులూ చెత్తబుట్టలోకే. మెరైన్‌ల్యాండ్ బయో-వీల్ ఈ తప్పును చెప్పకుండానే ఒప్పుకుంది. పడే నీటి కింద ముడతల గుడ్డ చక్రం పెట్టారు, అది తిరుగుతూ గాలిలోకి లేస్తుంది. లీటరు గాలిలో లీటరు నీటిలోకన్నా 35 రెట్లకు పైగా ఆక్సిజన్ ఉంది. ఇక కార్ట్రిడ్జ్ పారేసినా చక్రం మీది జీవులు నిలుస్తాయి. అద్భుతమైన ఊహే, జిగురు పట్టి చక్రం మొరాయించేదాకా. కెనడాలోని హేగన్ సంస్థ ఆక్వాక్లియర్ ఇంకో దారి పట్టింది. చక్రమూ లేదు, కార్ట్రిడ్జూ లేదు. బుట్ట అడుగున స్పాంజి, నీళ్లు కిందినుంచి పైకి. ధార తగ్గిస్తే కొంత నీరు పెట్టెలోనే మళ్లీ మళ్లీ స్పాంజి గుండా తిరుగుతుంది. నా ఓటు దీనికే. ఆ స్పాంజిని పారేయనక్కర్లేదు, తొట్టిలోంచి తీసిన నీళ్లలో పిండి మళ్లీ పెట్టుకోవచ్చు. క్లోరిన్ కలిసిన కుళాయి కింద పిండితే మాత్రం ష్లోసింగ్ క్లోరోఫాం ప్రయోగం ఇంట్లోనే జరిగిపోతుంది.

ఇక ఆ సూక్ష్మజీవుల తర్వాతి కథ త్వరగా మారింది. తొట్టిలో నైట్రైట్‌ను మార్చేది పుస్తకాల్లోని నైట్రోబాక్టర్ కాదు, నైట్రోస్పైరా అని 1998లో టిమొతీ హోవనెక్ బృందం చూపింది. మంచినీటి తొట్టి ఫిల్టర్లలో అమ్మోనియాను మార్చేవి చాలాచోట్ల బాక్టీరియాలే కావు, ఆర్కియాలని 2011లో కెనడా పరిశోధకులు తేల్చారు. 2015లో రెండు మెట్లూ ఒంటరిగా ఎక్కేసే నైట్రోస్పైరా దొరికింది. చిన్న వారింగ్టన్ కట్టిన గోడకు గండిపడింది. అది దొరికిన చోట్లలో ఒకటి, నీటిని తిప్పి వాడే చేపల పెంపకశాలకు తగిలించిన ఫిల్టర్.