తేలికపాటి కెమెరా స్టెబిలైజరు: ఎంపిక, బ్యాటరీల లెక్క

పరిచయం

మీ ప్రాజెక్టుకు చోడవరం ప్రాంతపు బెల్లం తయారీని అంశంగా తీసుకున్నారనుకోండి. గోవాడ సహకార చక్కెర కర్మాగారం చుట్టుపక్కల చెరకు పండే ఊళ్ళు చాలా ఉన్నాయి. అక్కడ వండిన బెల్లం అనకాపల్లి మార్కెట్టుకు వెళుతుంది. (చోడవరం 2022 ఏప్రిల్ దాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉంది. పాత పుస్తకాలు చూసేటప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోండి.) బెల్లం వండే పాకలో నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది. ఒకరు పొయ్యిలోకి చెరకు పిప్పి తోస్తుంటారు, మరొకరు పెనం చుట్టూ తిరుగుతూ పాకం కలియబెడుతుంటారు. మూడు కాళ్ళ స్టాండు అక్కడ పెడితే పనివాళ్ళ కాళ్ళకు అడ్డం. పాకం ముదిరిన క్షణం వండేవారికే తెలుస్తుంది, అది మీ కెమెరా కోసం ఆగదు. ఆ క్షణంలో చిత్రం ఊగిపోయినా, బ్యాటరీ అయిపోయినా తరువాతి పెనం దిగేదాకా కూర్చోవలసిందే.

చేతిలో పట్టుకుని నడుస్తూ తీయడానికి వీలయ్యే తేలికపాటి స్టెబిలైజరు ఇలాంటి చోట్ల అవసరమవుతుంది. దాన్ని ఎంచుకునేటప్పుడు చూడవలసినవేమిటో ఈ పాఠంలో తెలుసుకుందాం. స్టెబిలైజరు ధర గురించి నెలల తరబడి ఆలోచించేవారు బ్యాటరీ గురించి అయిదు నిమిషాలైనా ఆలోచించరు. అందుకే ఇక్కడ బ్యాటరీకి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

చిత్రం ఎందుకు ఊగుతుంది?

చేతిలోని కెమెరా మూడు రకాలుగా తిరుగుతుంది: పక్కలకు, పైకీ కిందికీ, ఒక వైపుకు ఒరుగుతూ. అడుగు వేసినప్పుడల్లా ఇవి కాక మొత్తం కెమెరా పైకి లేచి కిందికి దిగుతుంది. మొదటి మూడింటిని స్టెబిలైజరు అదుపు చేయగలదు. నాలుగోది మాత్రం మీ మోకాళ్ళ పని. మోకాలు కొద్దిగా వంచి, మడమ ముందు ఆనించి, నిండు బిందె మోసేవారిలా నడవాలి. ఈ నడక రానివారికి ఎంత ఖరీదైన పరికరమైనా పూర్తిగా సాయపడదు.

అమెరికాకు చెందిన గారెట్ బ్రౌన్ రూపొందించిన స్టెడీక్యామ్ 1976లో ‘బౌండ్ ఫర్ గ్లోరీ’, ‘రాకీ’ చిత్రాలతో లోకానికి పరిచయమైంది. మన తెలుగు ప్రేక్షకులకు దాని సత్తా తెలిసింది 1989లో రామ్ గోపాల్ వర్మ తీసిన ‘శివ’తో. ఆ చిత్రానికి ఛాయాగ్రాహకుడు ఎస్. గోపాల్ రెడ్డి. ఆ పరికరాన్ని వాడాలంటే ఒంటికి కవచం తొడుక్కుని, దానికి స్ప్రింగు చెయ్యి తగిలించుకోవాలి. సూత్రం మాత్రం సులువైనది. బరువును ఒకేచోట ముద్దగా ఉంచకుండా కడ్డీకి రెండు చివరలా దూరంగా పంచితే ఆ వస్తువు త్వరగా తిరగదు. దాన్ని గురుత్వ కేంద్రానికి దగ్గరగా, తేలికగా తిరిగే కీలు దగ్గర పట్టుకుంటే మన చేతి వణుకు కెమెరాకు చేరదు.

ఇప్పుడు చిన్న కెమెరాలకు దొరికేవి రెండు రకాలు. ఒకటి ఇదే సూత్రం మీద పనిచేసే ప్రతిభారపు స్టెబిలైజరు. దీనికి బ్యాటరీ అక్కరలేదు, కానీ గాలి వీస్తే తిరిగిపోతుంది, చెయ్యి తిరగడానికి వారాలు పడుతుంది. రెండోది మూడు మోటార్ల గింబల్. ఇందులోని సెన్సర్లు కదలికను కనిపెట్టగానే మోటార్లు దానికి ఎదురు తిరుగుతాయి. ప్రాజెక్టు గడువు దగ్గరలో ఉన్నవారికి రెండోదే నయం.

బరువు, తూకం

స్టెబిలైజరు ఎంత బరువు మోయగలదో కంపెనీ చెబుతుంది. దాన్ని కెమెరా బరువుతో మాత్రమే పోల్చకండి. కెమెరా 500 గ్రాములు, లెన్సు 300, మైకు 100, బిగించే పలక 100 అయితే మొత్తం కిలో. అందుకు కనీసం పావు వంతు ఎక్కువ మోయగలిగినది తీసుకోవాలి. అలాగని మరీ పెద్దది కొనకండి. గింబల్ బరువు మరో కిలో అనుకుంటే మీ చేతిలో ఉండేది రెండు కిలోలు. రెండు లీటర్ల నీళ్ళ సీసాను ఛాతీకి ఎదురుగా, ఒంటికి దూరంగా అయిదు నిమిషాలు పట్టుకుని చూడండి. దుకాణదారు చెప్పని సంగతి మీ భుజం చెబుతుంది.

కెమెరా బిగించాక, గింబల్ స్విచ్చి వేయకముందే తూకం సరిచేయాలి. లెన్సును ఆకాశం వైపు తిప్పి వదిలితే అలాగే ఉండాలి, ముందుకు వంచి వదిలినా అలాగే ఉండాలి. తరువాత ఒరిగే కీలునూ, చివరగా పక్కలకు తిరిగే కీలునూ ఇలాగే పరీక్షించాలి. మోటార్లు బలమైనవి కదా, అవే చూసుకుంటాయని ఈ పని వదిలేసేవారున్నారు. అప్పుడు మోటార్లు ఎడతెగకుండా బరువుతో పెనుగులాడతాయి, వేడెక్కుతాయి, చిత్రంలో సన్నని వణుకు వస్తుంది, బ్యాటరీ త్వరగా ఖాళీ అవుతుంది. జూమ్ చేసినప్పుడు ముందుకు సాగే లెన్సయితే సాగిన ప్రతిసారీ తూకం మారుతుంది.

ప్రతిభారపు రకానికి పరీక్ష వేరు. కడ్డీని అడ్డంగా పట్టుకుని వదిలితే నిలువుకు రావడానికి రెండు మూడు సెకన్లు పట్టాలి. అంతకంటే త్వరగా వస్తే కింద బరువు ఎక్కువైనట్లు. నడిచేటప్పుడు అది లోలకంలా ఊగుతుంది.

బ్యాటరీ లెక్క

బ్యాటరీ మీద మిల్లీ ఆంపియర్-అవర్ల అంకె పెద్దగా ఉంటుంది. ఆ అంకె ఒక్కటే చూస్తే శక్తి తెలియదు. దాన్ని వెయ్యితో భాగించి ఓల్టేజితో గుణిస్తే వాట్-అవర్లు వస్తాయి. చాలా గింబల్స్‌లో వాడే 18650 సెల్లును చూద్దాం. ఆ పేరులోనే కొలత ఉంది: 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. సగటు ఓల్టేజి 3.7, పూర్తిగా ఛార్జి అయితే 4.2. సెల్లు 2600 మిల్లీ ఆంపియర్-అవర్లదైతే 9.62 వాట్-అవర్లు. రెండింటిని వరుసగా కలిపితే ఓల్టేజి రెట్టింపై 7.4 అవుతుంది, 2600 మాత్రం 2600గానే ఉంటుంది. మొత్తం 19.24 వాట్-అవర్లు. చాలామంది విద్యార్థులు ఇక్కడ రెండూ రెట్టింపు చేస్తారు. ఇందులో 80 శాతమే వాడతామనుకుంటే సుమారు 15.4. గింబల్ సగటున 6 వాట్లు తీసుకుంటే రెండున్నర గంటలు వస్తుంది.

ఈ పరిమాణంలో సాధారణంగా దొరికే మంచి సెల్లు సామర్థ్యం 2000 నుంచి 3500 దాకా ఉంటుంది. 9900 అని ముద్రించి చవకగా అమ్మేది ఏదైనా అబద్ధమే. మంచి సెల్లు 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది. అనుమానం ఉంటే తెలిసిన బంగారం కొట్టులో తూకం వేయించండి. 30 గ్రాములే తూగితే అది నకిలీ. బరువు సరిపోయినంత మాత్రాన అసలుదని చెప్పలేం, లోపల పొడి నింపి బరువు పెంచేవారూ ఉన్నారు.

రక్షణ సర్క్యూటు ఉన్న సెల్లు రెండు మూడు మిల్లీమీటర్లు పొడవెక్కువ, కొన్ని గింబల్స్‌లో పట్టదు. కొనేముందు పెట్టి చూడాలి. జంటగా కొన్నవాటిని జంటగానే వాడండి, జంటగానే ఛార్జి చేయండి. పాతదాన్నీ కొత్తదాన్నీ కలిపితే బలహీనమైనది ముందే ఖాళీ అవుతుంది. రెండోది ఇంకా కరెంటును తోస్తూనే ఉంటుంది కనుక అది హద్దు దాటి పాడై, తిరిగి ఛార్జి చేసినప్పుడు ప్రమాదకరం కావచ్చు. పైనున్న ప్లాస్టిక్ తొడుగు చిరిగిన సెల్లును వాడవద్దు. దాని ఉక్కు ఒళ్ళంతా రుణధ్రువమే, పై అంచు దాకా. ధనధ్రువానికీ దానికీ మధ్య ఉన్న ఎడం చాలా తక్కువ. విడి సెల్లును తాళాలతో, చిల్లరతో కలిపి జేబులో వేసుకుంటే నిప్పు పుట్టవచ్చు. కొద్ది రూపాయల ప్లాస్టిక్ డబ్బా కొనుక్కోండి.

వేడి దీనికి శత్రువు. మే నెలలో స్కూటర్ డిక్కీలోనో, పొయ్యి పక్కనో ఉంచవద్దు. వేడెక్కిన సెల్లును చల్లారనిచ్చాకే ఛార్జరులో పెట్టాలి. నెలల పాటు వాడకపోతే సగం ఛార్జితో దాచండి.

లోపలే బిగించిన బ్యాటరీ ఉన్న గింబల్స్ ఇప్పుడు ఎక్కువ. అవి వాడటానికి హాయే, కానీ రెండు మూడేళ్ళకు బ్యాటరీ నీరసిస్తే పరికరం మొత్తం మూలపడుతుంది. పెళ్ళిళ్ళు తీసి బతకదలచినవారికి మార్చుకోదగిన సెల్లులున్నదే మంచిదని నా అభిప్రాయం. లోపలిదే కొంటే, పవర్ బ్యాంకు తగిలించి పనిచేయిస్తూనే ఛార్జి చేయవచ్చునా అని అడగండి. ప్రాజెక్టు రెండు రోజులదే అయితే కొనడం మానేసి విశాఖపట్నంలో అద్దెకు తీసుకోండి. విమానంలో వెళ్ళేవారు విడి బ్యాటరీలను చేతి సంచిలోనే ఉంచుకోవాలి. ఒక్కొక్కటి 100 వాట్-అవర్ల లోపు ఉంటే ప్రత్యేక అనుమతి అక్కరలేదు.

అభ్యాసం

మీ గింబల్‌లో 3.7 ఓల్టుల, 3000 మిల్లీ ఆంపియర్-అవర్ల సెల్లులు రెండు వరుసగా ఉన్నాయి. అది సగటున 6 వాట్లు తీసుకుంటుంది. తెల్లవారుజామున 4 నుంచి ఉదయం 10 దాకా బెల్లం వంట చిత్రీకరించాలి, ఆ సమయంలో మూడింట రెండు వంతులు గింబల్ ఆన్‌లో ఉంటుంది. 80 శాతమే వాడుకునే లెక్కన ఎన్ని జతల సెల్లులు తీసుకెళ్ళాలి? తూకం సరిగా లేక వాడకం 9 వాట్లకు పెరిగితే ఎన్ని కావాలి? రెండు జవాబులూ రాసుకుని కౌన్సెలింగ్ తరగతికి తీసుకురండి.