పగలు పడుకునే ఊళ్లో హారన్

రాయచూరు జిల్లాలోని హట్టి బంగారు గని ఊరు. 1947లో, హైదరాబాద్ సంస్థానం కాలంలో పుట్టిన గని కంపెనీ ఇప్పుడు కర్ణాటక ప్రభుత్వానిది. గని షిఫ్టుల్లో నడుస్తుంది. రాత్రి షిఫ్టు దిగినవాళ్లు తెల్లవారాక పడుకుంటారు. సరిగ్గా అప్పుడే బస్సులు, ఆటోలు, ఖనిజం లారీలు రోడ్డెక్కుతాయి.

2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో మోత పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. రాత్రి అంటే పది నుంచి ఉదయం ఆరు దాకా. ఉదయం నిద్రపోయే కార్మికుడికి ఆ రక్షణ అందదు. అతనికే ఎక్కువ కావాలి. డ్రిల్లింగ్ మోతకు కర్ణావర్తంలోని సన్నటి రోమకణాలు అలసిపోతాయి. కొన్ని గంటలు నిశ్శబ్దంగా గడిస్తే తేరుకుంటాయి. ఒకసారి చచ్చిపోతే మాత్రం మళ్లీ పుట్టవు.

డెసిబెల్ లెక్క మామూలు కూడికలా ఉండదు. పది పెరిగితే శబ్దశక్తి పదింతలవుతుంది. రోడ్డు మీద బండ్లు సగానికి తగ్గినా మోత తగ్గేది 3 డెసిబెల్సే, చెవికి అంతంతమాత్రంగా తెలుస్తుంది. హారన్ సంగతి వేరు. ఏడున్నర మీటర్ల దూరంలో 100 డెసిబెల్స్ ఉండే లారీ హారన్ 55 డెసిబెల్స్ వీధి చప్పుడు కంటే ముప్ఫై వేల రెట్లు పైగా శక్తిగలది. అందుకే నా మాట: ట్రాఫిక్ మళ్లించడం కంటే ముందు హారన్ ఆపించాలి.

ఆసుపత్రి, బడి చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటించవచ్చు. బోర్డు మాత్రం చాలాచోట్ల గేటు పక్కనే కనిపిస్తుంది. ఆరుబయట దూరం రెట్టింపయితే హారన్ మోత సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఆ లెక్కన పై హారన్ 100 మీటర్ల అవతల కూడా 77 దగ్గర ఉంటుంది. గేటు దగ్గర బోర్డు చూసేసరికి డ్రైవరు హారన్ కొట్టేసి ఉంటాడు. ఎర్ర వలయంలో హారన్ మీద అడ్డగీత ఉన్న ఆ గుర్తు మండలం అంచునే, కొమ్మలు అడ్డం రాని చోట నిలబడాలి. బొమ్మ కాబట్టి కన్నడం, తెలుగు, ఉర్దూ ఏది చదివినవాడికైనా అర్థమవుతుంది.

స్పీడ్ బ్రేకర్లదీ ఇదే కథ. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన కొలత 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. ఇంటి ముందు ఎవరికి వారు పోసుకున్న సన్నటి గట్టు మీద ఖాళీ లారీ ఎక్కి దిగితే వెనక తలుపు దడదడలాడుతుంది; వెంటనే గేరు మార్చిన రొద. వేగం తగ్గించబోయి మోత పెంచుకున్నట్టు.

2020లో ముంబై పోలీసులు హారన్ల మోత 85 డెసిబెల్స్ దాటితే ఎర్రలైటు సమయం మళ్లీ మొదటికి వచ్చే సిగ్నల్ చూపించారు. హట్టికి అంత యంత్రం అక్కర్లేదు. అనవసరంగా హారన్ కొడితే వెయ్యి రూపాయల జరిమానా 2019 మోటారు వాహనాల సవరణ చట్టంలోనే ఉంది. పట్టణ పంచాయతీ, గని కంపెనీ కలిసి కార్మికుల క్వార్టర్ల వీధుల్లో ఉదయం పూట కూడా హారన్ నిషేధించాలి, బోర్డులు అంచులకు జరపాలి. డ్రైవరన్నలకూ ఒక మాట: ఆ వీధుల్లో బ్రేకు మీద కాలుంచండి, హారన్ మీద చెయ్యి తీసేయండి.